నాలుగువేల తొంభైయారు పూసలు

పాత మిషను ఎత్తేస్తారని తెలిసిన దినం
వేదాచలం సారు దాని కడుపు విప్పినాడు.

తిరుపతంతా మే నెల ఎండకు పేలాల మాదిరి వేగతా ఉంటే
యూనివర్సిటీలో మా గదికి మాత్రం పుష్యమాసం.
ఆ చల్లదనం మాకోసం కాదు.
మిషనుకు చెమట పట్టకూడదంట.
మేం స్వెట్టర్లు తొడుక్కొని కార్డులు గుద్దేవాళ్ళం,
జీపు తోలే మొగిలప్ప కిటికీలోంచి నవ్వేవాడు,
"ఎండాకాలంలో ఉన్ని ఏంది తల్లీ,
కాశ్మీరుకు బస్సేమన్నా వేసినారా?"

ఆరేండ్లు గుద్దినాను.
పీలేరు శెనక్కాయలు, పుంగనూరు ఆవుల ఎత్తులు,
ఎవరో పరిశోధన పిల్లోడి వానల లెక్క.
మా జిల్లా వాన సంగతి తెలిసిందే కదా,
పెట్టెలు పెట్టెలు కార్డులు, అన్నిట్లో సున్నాలు.
ఆ పిల్లోడు ఒకతూరి మెట్ల మీద పెట్టె జారవిడిచి
నలభై ఏండ్ల కరువును నేలంతా పరిచి
ఏడుపు మొగంతో నిలబడినాడు.
కట్ట అంచున నేను ముందే ఏటవాలుగా ఎర్రగీత గీసి పెట్టినా.
గీత కలిసేదాకా పేర్చుకుంటా పోతే
ఏండ్లు మళ్ళా వరసలో కూర్చున్నాయి.

సరే, మిషను కడుపు.
సారు అరచేయంత చట్రం ఒకటి బయటికి తీసి
భూతద్దం నా చేతికిచ్చినాడు.
"దీని జ్ఞాపకమంతా ఇదే, చూడు సులోచనా."

వెంట్రుకంత తీగలు నిలువునా అడ్డంగా,
తీగా తీగా కలిసే చోటల్లా
ఆవగింజ కన్నా చిన్న నల్లపూస.
వరసకు అరవైనాలుగు, అట్లాంటివి అరవైనాలుగు వరసలు.
"కరెంటు పోయినా ఇది మరిచిపోదు," అన్నాడు సారు.
"కానీ చదివితే చెరిగిపోతాది.
పూసను నీలో ఏముండాదని అడగాలంటే
దాన్ని సున్నా చేయాల్సిందే.
అడిగిన వెంటనే మళ్ళా రాసి పెట్టాల."

"ఎవురు గుచ్చినారు సార్ వీటిని?"
"ఆడోళ్ళే. ఏ దేశమో ఏమో,
భూతద్దం కింద, సూదితో."
"పేర్లు?"
చట్రం తిప్పి చూసినాడు.
నంబరుండాది.

మాయమ్మ చెంగమ్మ గాంధీరోడ్డు అంగడికి
నల్లపూసలు గుచ్చేది, పేటకు ముప్పావలా.
దారం కొస ఎంగిలి చేసి మొన తేల్చి
రేడియో వింటానే గుచ్చేది, చూపు పూసల మీద ఉండేదే కాదు.
ఊర్లో ఎన్ని పెండ్లిండ్లు ఆమె వేళ్ళ మీదుగా పోయినాయో.
ఆమె మెళ్ళో మాత్రం ఉత్త పసుపుదారం.

రిజిస్టర్లో సంతకం పెట్టి
ఆ చట్రం ఒక రాత్రికి ఇంటికి తీసుకపోయినా,
చీర కొంగులో చుట్టి, బస్సులో నిలబడి.
అన్నాలు తిన్నాక కరెంటు పోయింది.
మాయమ్మ బుడ్డీ దగ్గరికి జరిపి
బొటనవేలితో వరసలు తడిమింది
కండ్లు మూసుకొని, చానాసేపు.
నేనేదో చెప్పబోయినా:
లెక్కలు, చంద్రుడి మీదికి పోయిన రాకెట్లు, అయస్కాంతం.
ఆమె వినలేదు.
"ఒక్క పూస తప్పలేదు చూడు," అనింది.
కొంచెం ఆగి,
"పేటకు ఎంత కూలి ఇచ్చినారంట?"

నాకు తెలీదు.
సారుకూ తెలీదు, మర్నాడు అడిగినా.
మిషను ఇనుప తూకానికి పోయింది.
చట్రం దాంతోనే పోయిందో,
ఎవురి బీరువాలో ఉండాదో.

మాయమ్మ పోయి పదకొండేండ్లు.
ఆ గొంతు గుర్తు తెచ్చుకున్న ప్రతితూరీ
అందులో ఏదో ఒకటి సున్నా అయితా ఉండాది.
మొన్నటిదాకా ఆ బుడ్డీ కిరసనాయిలు వాసన వచ్చేది,
ఇప్పుడు రావడం లేదు.
అందుకని మళ్ళా రాసి పెడతా ఉండా,
చెరిగిపోకముందే, ఉన్నది ఉన్నట్టు:

పేటకు ఎంత కూలి ఇచ్చినారంట?