మేకు కొట్టరాదు

పర్లాకిమిడిలో రైలెక్కి గుణుపురం చేరేలోపు
సంచిలో గొడవలన్నీ ఒకసారి సర్దుకుంటాను.
కాశీనగర్లో రాత్రికి రాత్రి మాయమైన బావి తాడు,
మిల్లు వెనక వీధిలో ముగ్గురి మీద పడ్డ ఒకే కరెంటు బిల్లు,
తిరిగి రాని అడ్వాన్సులు, ఒక తాళంకప్ప.

అద్దెకున్నోళ్ల తరఫు మనిషినంటే
"అయితే మీకెన్ని ఇళ్లున్నాయేటి?" అన్నాడు
పక్క సీట్లో పల్లీలు వలుస్తున్నాయన.
ఒక్కటీ లేదన్నాను. నమ్మలేదు.
గుప్పెడు పల్లీలు మాత్రం ఇచ్చాడు.

తవుడమ్మ అడ్డాకుల విస్తళ్లు కుడుతుంది.
ఆకు పచ్చివాసన గోడలోకి దిగిపోయిందని
ఖాళీ చెయ్యమన్నాడు సుదాం సాహు.
ఒప్పందం కాగితం ఒడియాలో ఉంది.
ఆ గుండ్రటి అక్షరాలు మనవాటికి మేనత్త బిడ్డలు,
పోలిక తెలుస్తుంది, మాట తెలీదు.
ఎనిమిదేళ్లు బియ్యండబ్బా అడుగున దాచి
ఇప్పుడు నా చేతిలో పెట్టింది, తవుడు దులిపి.

చదివి తెలుగులో చెప్పాను.
అద్దె అయిదో తారీఖు దాటరాదు.
చుట్టాలు మూడు రాత్రుళ్లు మించరాదు.
గోడకి మేకు కొట్టరాదు.

"ఆ కడాది నోటితో సెప్పినారమ్మా, కొట్టనేదు."
చూశాను. కేలండరు కుండ మీద ఒరిగి ఉంది.
పెనిమిటి పటం నేల మీద, గోడకి చేరబడి,
దండ సగం గచ్చు మీద.
"ఎనిమిదేళ్లై కూకునే ఉన్నాడు" అంది, ఆకు మడుస్తూ.

రసీదులేవీ అని అడిగితే సుదాం బాబు నవ్వాడు.
"రొసీద్ కాహింకి? మనం మనుషులం కామా?"
మనుషులమే బాబూ, మర్చిపోయేది మనుషులే కదా.

అప్పుడు తీసింది తవుడమ్మ, కొంగు చాటు నుంచి,
విస్తరి కుట్టే ఈనెపుల్లల కట్టలు.
అద్దె కట్టిన నెలకొక పుల్ల,
ఏడాదికొక కట్ట, ఎనిమిది కట్టలు.
ఆయన రెండు లెక్కపెట్టి విసుక్కున్నాడు.
"పుల్లలు సాక్ష్యమా?"

కావు. నాకూ తెలుసు.
ఏ ఆఫీసు బల్ల మీదా నిలబడవవి.
గొంతు తడుపుకుంటుంటే
లోపల్నుంచి వాళ్లమ్మ, మందస ఆడపడుచు,
వత్తులు చేస్తూనే తెలుగులో అంది:
"నా సేతిలోనే పెట్టిందిరా ప్రతి నెలా.
నువ్వడగనేదు, నాను సెప్పనేదు."

ఇంకో ఏడాది. కొత్త కాగితం, రెండు భాషల్లో.
సంతకాలయ్యాక తవుడమ్మ నా మోచెయ్యి గిల్లింది.
అడిగాను.
సుదాం బాబు చాలాసేపు గోడ వైపు చూశాడు.
"ఒకటి. ఒక్కటే."

పొరుగింటి సుత్తి వచ్చింది.
ఏ గోడకో తేలలేదు.
కిటికీ పక్కనా? వద్దు, వాన కొడుతుంది.
తలుపెదురుగానా? వచ్చినోళ్లందరి కళ్లూ.
రైలు టైమయింది, నేను లేచేటప్పటికి
మేకు ఇంకా ఆమె పళ్ల మధ్యే ఉంది.

పర్లాకిమిడిలో నా గది.
నాకన్నా ముందున్నవాళ్లెవరో
సబ్బుముక్కతో పూడ్చిన కన్నాలు నాలుగు.
దీపమార్పి వేలితో తడుముతాను.
ఏం తగిలించుకున్నారో.
ఎల్లుండి అయిదో తారీఖు.