నా వాచీలో ఒంటిగంట

పెదవాల్తేరు బస్టాపులో తొమ్మిదిన్నర.
నా వాచీలో ఒంటిగంట.
పక్కన నిలబడ్డ కుర్రాడు వంగి చూసి
"ఆగిపోయిందండీ మీది" అన్నాడు జాలిగా.

ఆగలేదు బాబూ.
మా దెస్సీ కొండల్లో
పొద్దు పొడిచాకే గంటలు లెక్కపెడతాం.
సూర్యుడే లేవకుండా ఒకటెలా అవుతుంది?
ఇదంతా చెప్పడానికి అప్పటి నా తెలుగు చాల్లేదు.
ఈలోగా టెన్‌-కే వచ్చేసింది.

మొదటి వారమే నూకరత్నంగారిని హడలగొట్టాను.
"అన్నం తిన్నావేటి ఇరుతమ్మా?"
మెట్ల కింద నుంచి ఆవిడ.
(హిరుత్ అన్న పేరులో హ ఈ ఊరి గాలికి నిలవలేదు.)
తిన్నానన్నాను, మా పద్ధతిలో.
మావైపు అవునంటే మాట కాదు,
గుక్కెడు గాలి చటుక్కున లోపలికి పీల్చడం.
చీపురు పారేసి పరిగెత్తుకొచ్చింది
"ఉబ్బసమేటి తల్లీ నీకు!"

సాయంత్రానికి గ్లాసుడు కషాయం,
వీపుకి కర్పూరం కాచిన కొబ్బరినూనె.
"రేప్పొద్దున్న కూడా తాగాల."
"ఇషీ" అన్నాను.
సరేనండీ అని దానర్థం.
ఆవిడ మొహం చూడాలి మీరు.
"ఇస్సీ అంటాదేటి! అంత సేదుగుందా?"

ఆ రెండక్షరాల్ని విడదీసి
ఇటుది ఇటూ అటుది అటూ సర్దుకోవడానికి
మాకొక వానాకాలం పట్టింది.

సముద్రం గురించి అందరూ అడుగుతారు.
మీ దేశానికి లేదటగా,
మొదటిసారి చూస్తే ఏమనిపించిందీ అని.
నిజం చెప్పనా, తుప్పు అనిపించింది.
తలుపు గడియకి, సూట్‌కేసు జిప్పుకి,
కొని నెల తిరగని గొడుగు పుల్లలకి.
అమ్మ ఇచ్చిన కాఫీకూజా మట్టిది గనక బతికింది.
ఆరేసిన దుప్పటి రాత్రికి మళ్లీ చెమ్మ.
బీచికి పోయి చూడక్కర్లేదు,
అదే మేడెక్కి వస్తుంది.

ఒక ఆదివారం మేడ మీద గింజలు వేయించాను.
ఏదో మాడుతోందని కింది వాటాలవాళ్లు ముగ్గురొచ్చారు,
ఒకరి చేతిలో నీళ్ల బకెట్.
కూర్చోబెట్టాను.
కాఫీతో పేలాలుండాలి మాకు.
దొరక్క, మురీలు పోశాను పళ్లెంలో.
మూడుసార్లు తాగితేనే మర్యాద అన్నాను.
రెండోదానికే సన్యాసిరావుగారు లేచారు,
షిప్‌యార్డులో సెకండు షిఫ్టు.
ఆయన మూడోది వాళ్లావిడ తాగింది, తనది కాక.
ఆ రాత్రి రెండు దాకా
వాళ్లింట్లో గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

చేపల పోలమ్మకి నా ఉపవాసాలు
ఎవరూ చెప్పకుండానే తెలిశాయి.
బుధవారం, శుక్రవారం
నా గుమ్మం దాటేదాకా కేక వెయ్యదు.
దాటాక మాత్రం రెట్టింపు గొంతుతో.

మాకు ఏడాదికి పదమూడు నెలలంటే
ల్యాబులో అందరూ నవ్వారు.
నూకరత్నంగారు నవ్వలేదు.
"మాకూ వస్తాది, మూడేళ్లకోపాలి. అధికమాసం.
పెళ్లిళ్లూ అయీ సెయ్యరు."
మాది ప్రతి ఏడూ వస్తుంది, అయిదే రోజులుంటుందన్నాను.
అప్పుడు నవ్వింది.
"మరి అయిదు రోజుల నెలకి అద్దె ఎంతేటి?"

సెప్టెంబరులో ఆ అయిదు రోజులూ
ఇంటికి ఫోను చెయ్యబుద్ధి కాలేదు.
ఎందుకో మీకు చెప్పను.
గదిలోనే ఉన్నాను.
ఆవిడ అద్దె అడగలేదు, కరెంటు బిల్లు అడగలేదు,
పైకి రాలేదు.
రోజూ పొద్దున్నే మెట్ల మీద
మూతపెట్టిన గిన్నె మాత్రం ఉండేది.
ఒకరోజు పులిసిన పిండితో అట్టు,
నిండా కన్నాలు.
దాన్ని చూసి చాలాసేపు తినలేదు.

నిన్న తెల్లారుజామున పంపు దగ్గర
"నీళ్లొచ్చాయా అండీ?" అన్నాను పైనుంచే.
నోటినిండా పళ్లపొడి ఆవిడకి.
తలెత్తి
గుక్కెడు గాలి
చటుక్కున లోపలికి పీల్చింది.

ఆ తర్వాత పొలమారి ఒకటే దగ్గు.
నేను దిగేలోపు
బిందె నిండి
వాకిలంతా నీళ్లు.