నాలుగో కొట్టం గుమ్మంలో

ఒహైయో, ఆగస్టు.
పన్నెండు ఫ్యాన్లు తిరుగుతున్నా
గాలికే చెమట పడుతోంది.
నాకో మడత కుర్చీ, మెడలో థర్మామీటరు,
ఒళ్ళో చల్లారిపోయిన కాఫీ.
పశువైద్యురాలిని. ఇరవై రెండేళ్ళుగా
ఈ కౌంటీ ఫెయిరులో పందుల ఒంటి వేడి చూసేది నేనే.
థర్మామీటరు ఎక్కడ పెడతానో చెబితే
పిల్లలు పడీ పడీ నవ్వుతారు.

పొద్దుట్నించీ అవే ప్రశ్నలు.
మొక్కజొన్న పొత్తు కొరుకుతూ ఒకాయన:
"బేకన్ తింటే వస్తుందా?"
రాదండీ. బాగా ఉడికిన మాంసంతో రాదు.
ఆ పొత్తు మాత్రం బయట తినండి,
ఈ గుమ్మం దాటాక నోట్లో ఏదీ పెట్టుకోకూడదు.
ఆయన పందుల వంక చూశాడు, పొత్తు వంక చూశాడు,
పొత్తుతోనే వెళ్ళిపోయాడు.

బండిలో చంటిదాన్ని తోసుకొస్తూ ఒకావిడ:
"ఒక్క నిమిషం, దూరం నుంచే చూపిస్తా."
అయిదేళ్ళ లోపు పిల్లలు వద్దమ్మా.
"పోనీ, మా నాన్న?"
వెనక హార్లన్, ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో.
కుర్రాడిగా ఉన్నప్పుడు ఇదే కొట్టంలో
నీలం రిబ్బన్ గెలిచిన హార్లన్.
అరవై అయిదు దాటినవాళ్ళు, ఊపిరి జబ్బులున్నవాళ్ళు...
నా మాట పూర్తికాకుండానే చెయ్యెత్తి ఆపాడు.
గుమ్మం అవతలే నిలబడి, కళ్ళు మూసుకుని
ఒక్కసారి గట్టిగా వాసన పీల్చాడు.
గొట్టం పక్కనుంచి ఎంత అందిందో.

నిమ్మరసం కొట్టు రొసాల్బాకి ఏడో నెల.
ఆమె ఏమీ అడగదు.
దారికి అవతలే ఉండి, కొడుకు చేత
నాకో గ్లాసు పంపిస్తుంది.

మూడింటికి, పదిహేడో గదిలో దగ్గు.
మనిషి దగ్గు కాదు,
ఖాళీ రేకు డబ్బాని ఎవరో కర్రతో కొట్టినట్టు.
బటన్. రెండొందల అరవై పౌన్ల ఆడపంది.
నిన్న నా బూటు లేసు నమిలింది,
ఇవాళ తొట్టి వంకే చూడదు.
డొక్కలెగరేస్తోంది. ముక్కు కారుతోంది, కళ్ళనిండా పుసులు.
నూట ఆరు.
వాటికి మామూలు నూట రెండు.

ఎమ్మెట్‌కి పదకొండేళ్ళు.
"చచ్చిపోతుందా?"
చాలావరకు చావవు. వారంలో లేచి
తొట్టి దగ్గర మళ్ళీ కుమ్ముకుంటాయి.
"వేలానికి పెడతారా?"
ఇవాళ కాదు. ఇంటికి పోతుంది.
"మిగతావాటికి అంటుకుంటుందా?"
అంటుకుంటుంది. ఆ ఫ్యాను అటు తిప్పు.

తిప్పాడు. తిరిగొచ్చి రంపపు పొట్టు వంక చూస్తూ:
"పోయినవారం నాకు జ్వరం, డాక్టర్.
అమ్మకి చెప్పలేదు. చెబితే ఇక్కడికి రానివ్వదు.
దాని మెడ మీదే తల పెట్టుకుని పడుకున్నా."

ఇరవై రెండేళ్ళలో
ఈ వైపు నుంచి నన్నెవరూ అడగలేదు.
అందరి వేలూ పంది మీదికే,
జబ్బు పేరులోనే పంది.
మన దగ్గు వాటికి అంటితే
ఆ జబ్బుకి అవేం పేరు పెట్టుకుంటాయో.

నా గొంతులో వెలక్కాయ.
కాదు నాన్నా, నీ వల్ల కాదు అనడం ఎంత తేలిక.
అయి ఉండొచ్చు, అన్నాను.
కాకపోనూవచ్చు. దూది పుల్ల ల్యాబుకి పోతుంది.
ల్యాబు చెప్పేది వైరస్ ఏదో.
ఎవరు ఎవరి మీద తల పెట్టి పడుకున్నారో
దానికెలా తెలుస్తుంది?
అమ్మకి ఇవాళ్టికివాళ చెప్పాలి, తెలిసిందా?

మాస్కు ఇచ్చాను. పెద్దది,
గడ్డం కిందికి జారుతోంది.
ట్రైలరు చెక్క మీదకి దాన్ని నడిపించాడు,
తిట్టకుండా, కర్ర తగలకుండా.
సగం ఎక్కి ఆగింది బటన్.
వెనక్కి తిరిగి, వేడి ముట్టెతో
వాడి జేబు తడిమి తడిమి చూసింది.
జేబులో చెర్రీ రుచి దగ్గుబిళ్ళలు,
సగం అయిపోయిన పొట్లం.

చేతులు కడుక్కో, అని అరిచాను.
ఫ్యాన్ల హోరు.
వినబడలేదేమో.