మూడో వరస

రావులపాలెం కొట్లో చిట్టబ్బాయి
మూరెడు లెన్సు చేతిలో పెట్టాడు:
"చంద్రుడి మీద మచ్చలు లెక్కెట్టచ్చండి."

నాకు చంద్రుడొద్దు.
అంబాజీపేటలో, కొబ్బరి డొక్కల కళ్లం పక్కన,
రెండు బల్బులు మాడిన వెలుతురులో
మా దీవెన కూతకెళ్తుంది.
మూడో వరసలో నేను. నా ముందు ఎవరిదో తలపాగా.

చీకటి చెరపని కాలు కావాలి నాకు,
బోనస్ గీత దాటి గాల్లో ఉన్న మడమ.

చీటీ డబ్బులు ముప్పై వేలు.
దూరం వదిలేశాను.
పాత కెమెరాకి వెలుగు తాగే పొట్టి లెన్సు బిగించమన్నాను.
మిగతా దూరం మోచేతుల్తో పొడుచుకుంటూ పోవాలి.

ఫైనల్లో దీవెన గీత అందుకుంది.
అందరితో నేనూ గెంతాను.
మెడలో ఊగి కెమెరా తనే నొక్కుకుంది:
ఇసక, తెగిన చెప్పు, బార్లా తెరిచిన నోరొకటి.

దీవెన వేలు పెట్టి చూసింది.
"మా కోచ్ గారే! నవ్వుతారా ఈయన?"