మిగతా సగం

ఆర్ట్స్ కాలేజీ రెండో అంతస్తుల
చివరి గది.
రెక్క మీద పావురం గూడు కట్టిందని
ఏప్రిల్ల కూడ ఫ్యాన్ వెయ్యరు.
ఆ ఉక్కపోతల తస్నీమ్ మేడమ్ అడిగింది:
"రాజ్యంతోని ఒప్పందం మీద
మీల ఎవరెవరు సంతకం పెట్టిన్రు?"

ఎవ్వరం చెయ్యెత్తలే.
వెనక బెంచిల సైదులు మాత్రం
"రేషన్ కార్డు కోసం రెండుసార్లు పెట్టిన మేడమ్,
ఇంకా రాలే" అన్నడు.
నవ్వినం. మేడమ్ నవ్వలే.
బోర్డు మీద రాసింది: అవ్యక్త సమ్మతి.

రోడ్డు మీద నడిస్తే ఒప్పుకున్నట్టేనట.
నల్లా నీళ్లు తాగితే ఒప్పుకున్నట్టేనట.
మూటాముల్లె సర్దుకొని పోలేదంటే
ఇంకింత గట్టిగ ఒప్పుకున్నట్టట.

తెలుగు మీడియం నుంచొచ్చిన దాన్ని.
ఇంగ్లీషుల పదకొండు పేజీల వాదాన్ని
నోట్సు అంచుల రెండు మాటలు చేసుకున్న:
మౌనం అర్ధాంగీకారం.

రాసినంక పెన్ను ఆగింది.
అర్ధమే కద.
మిగతా సగం ఎవలి దగ్గరుంది?

జామై ఉస్మానియా పట్టాలు దాటి
వారాసిగూడ సందులల్ల నడుసుకుంట
పార్సీగుట్ట చేరేసరికి పొద్దుగూకింది.
రాజ్యం లేని కాలంల మనుషులు
ఒకరినొకరు పీక్కుతినేటోళ్లని పోయిన వారం పాఠం.
మా గల్లీల నల్లా తెల్లారగట్ల మూడింటికొస్తది.
బిందె లేనోళ్లు వరుసల ఇటుక పెట్టిపోతరు.
ఆ ఇటుకను ఎవలూ ముట్టరు.
అక్కడ ఏ రాజూ నిలబడి ఉండడు.
ఇది మేడమ్‌కు చెప్పాలనుకొని
ప్రతిసారీ మర్చిపోత.

పదకొండు నెలలకోసారి
అవ్వ కొత్తగ పనిల చేరుతది.
పద్నాలుగేండ్ల సంది అదే దవాఖాన, అదే మూడో అంతస్తు.
ఏజెన్సీ పేరు మారుతది,
చీపురు మాత్రం అవ్వనే కొనుక్కుంటది.

ఆ రాత్రి డ్యూటీకి పోయే ముందు
కాయిదం నా ముందట పరిచింది.
"పెద్ద సదువు సదువుతున్నవు గద, ఏమున్నదో సూడు."
చదివిన.
ఎవరి బలవంతం లేకుంట, పూర్తి ఇష్టంతోని అని ఉంది.
ఇష్టమన్న మాట నాలుగుసార్లుంది.
జీతమన్న మాట ఒక్కసారి.
పీఎఫ్ ఊసే లేదు.

క్లాసుల విన్నదంతా చెప్పిన.
సప్పుడు చెయ్యకుంటే ఒప్పుకున్నట్టేనట అవ్వా, అని.

అవ్వ టిఫిన్ డబ్బ మూత బిగిస్తున్నది.
"సప్పుడు చెయ్యకుంట నేనెన్నడున్ననే?
చేతి తొడుగులడిగిన.
దసరా బోనస్ అడిగిన.
నీకు జొరమొచ్చిన్నాడు సెలవడిగిన.
సూపర్‌వైజరు చెవుల పుల్లలు పెట్టుకొని
ఫోన్ల కిరికెట్ చూస్తుంటే
నేను మూగదాన్నయితనా?"

బొటనవేలు కాయిదం మీద ఒత్తింది.
సిరా జుట్టుకు రుద్దుకుంట
ఆఖరి బస్సు కోసం ఉరికింది.

ఆ మాటనే అసైన్‌మెంట్ల రాసిన,
కొంచెం ఇస్త్రీ చేసి:
వినకపోవడాన్ని మౌనంగా లెక్కించరాదు.

ఇరవైకి పదమూడు వచ్చినయ్.
ఆ వాక్యం కింద ఎర్రగీత,
పక్కన మేడమ్ చేతిరాత:
"మంచి వాదన. ఎవరిది?
ఆధారం ఇచ్చి మళ్లీ సమర్పించండి."

లైబ్రరీల కూసొని ఫుట్‌నోట్ రాస్తున్న.

గుండెమోని బాలనర్సమ్మ.
పెద్ద దవాఖాన, మూడో అంతస్తు, రాత్రి డ్యూటీ.
సంవత్సరం రాసే కాడ
పద్నాలుగేండ్లు పట్టే జాగ లేదు.
పేజీ నంబరు కూడ ఉండాలంట.

అవ్వకు ఫోన్ చేసిన.
ఎత్తలే.
వార్డు కడుగుతున్నట్టుంది.