టెస్టర్‌కు పరీక్ష

ఈ జాగ పేరు సజ్జా.
మా దిక్కు సజ్జ అంటే కిటికి మీది నీడ.
ఇక్కడ నీడ ఒక్కటే దొరకదు.
క్రషర్ దుమ్ము దొరుకుతది, రెండంతస్తుల మంచం దొరుకుతది,
నల్ల కాడ లైను దొరుకుతది.

బేస్తవారం నా పరీక్ష.
ఆరేండ్ల సంది కేబుల్ గుంజే హెల్పర్ని.
బేస్తవారం మూడు గంటలు మంచిగ గడిస్తే
కార్డు మీద ఎలక్ట్రీషియన్ అని పడుతది.
జీతం నూట ఎనభై దిర్హాములు పెరుగుతదంటరు.
అది తర్వాతి ముచ్చట.

రాత్రి పదింటికి, కిచెన్ల పొయ్యిలు చల్లారినంక
మంచం కింది ప్లైవుడ్ బయటికి తీస్త.
సైట్ల పారేసిన ముక్క, ఒక మూలకు ఇంక సిమెంటు అంటుకొనే ఉన్నది.
దాని మీద ఒక డీబీ, రెండు టూవే స్విచ్చులు, ఒక సాకెట్టు, ఒక హోల్డరు.
పైమంచం టేక్ బహదూర్ ఫోన్ల టైం వెడ్తడు.
షఫీకుల్ ఎగ్జామినర్ లెక్క
చేతులు వెనుకకు కట్టుకొని తిరుగుతడు, లుంగీ మీద.
మెగ్గర్ మాకు లేదు.
బిస్కెట్ల డబ్బ మీద మెగ్గర్ అని రాసినం.
వైర్లు దానికి తాకిస్తే
"రెండు వందల మెగోమ్" అని షఫీకుల్ గంభీరంగ చదువుతడు.
నేను పేపర్ మీద ఎక్కిస్త.

జనవరి చలికి పైపు బిర్రుగ ఉంటది.
స్ప్రింగు దోపి వంచేముందు అరచేతులతోని రుద్దాలె,
నూనె వెట్టి పసిపిల్ల కాళ్ళు రుద్దినట్టు.
తొందరపడితే పటుక్కుమంటది.
పదకొండు పైపులు పటుక్కుమన్నయి.

పచ్చపసుపు తీగను అన్నిటికంటె పొడుగు ఉంచాలె.
ఎవరన్న గుంజితే
కరెంటు తీగలు ఊడినంక, ఆఖరుకు ఊడేది అదే కావాలె.
దీనికి రెండు మార్కులు.

గుల్ జమాన్ ఉస్తాద్‌ది ఒక్కటే మాట:
"తీగను నమ్మకు. టెస్టర్‌ను అసలే నమ్మకు."
ముందుగాల కరెంటున్న కాడ వెట్టి చూడు, వెలిగిందా?
తర్వాత నీ తీగ మీద వెట్టు. వెలగలేదా?
మళ్ళ కరెంటున్న కాడికి పో,
టెస్టర్ ఇంక బతికే ఉన్నదా చూడు.
గప్పుడే ఆ తీగ చచ్చినట్టు.
మూడింట్ల ఒకటి మరిచిపోతే
ఎగ్జామినర్ పెన్నుకు మూత వెడ్తడు,
నువ్వు ఇంటికి పోవుడే.

మా ఊర్ల మేము ఎడమచేతి వెనుకభాగం తగిలించి చూసెటోళ్ళం.
ఫ్యూజు పోతే మూడు రాగిపోగులు మెలివెట్టి
ఎండుకట్టె మీద నిలవడెటోళ్ళం.
నడిపి బాపు అర్ధరాత్రి కరెంటుకు మోటరు కాడికి పోయిండు.
కొట్టంల బుగ్గ వెలుగుతలేదు.
కరెంటు రాలేదనుకొని స్టార్టర్ డబ్బ విప్పిండు.
కరెంటు వచ్చే ఉన్నది.
మాడింది బుగ్గ.

ఇది ఉస్తాద్‌కు చెప్పలె.
ఆ దినం అయినంక టెస్టర్‌ను
రెండోసారి చూడుమని ఎవరూ చెప్పకముందే చూస్తున్న.
షఫీకుల్ ఒకసారి ఆవలించి అన్నడు,
"లింబాద్రీ, చాలు, నాలుగుసార్లు చూసినవ్."

బేస్తవారం, ఏసీ హాలు, నా నంబరు పదిహేడు.
ఎగ్జామినర్ ఒక ఈజిప్టు మేడం,
పొద్దటి సంది ఎవరినీ చూసి నవ్వలె.
మొదటి పని లైన్ బందు చేసుడు.
నేను బోర్డు ముట్టలె.
పక్క సాకెట్టు కాడికి పోయి టెస్టర్ వెట్టిన.
"ఏం చేస్తున్నవ్?" అని ఇంగ్లీషుల అడిగింది.
నెల రోజులు బట్టీవట్టిన ఇంగ్లీషు
గొంతుల పైపు లెక్క విరిగింది.
"బుగ్గ మంచిదేనా చూస్తున్న మేడం" అన్న,
అచ్చ తెలుగుల.

ఆమె ఏం రాసుకున్నదో కనవడలె.
పెన్నుకు మూత మాత్రం
ఇంక వెట్టలె.