నీళ్లకి రంగు

పొద్దున్న ఐదింటికి రిసార్టు ఇంకా లేవదు.
చించినాడ వంతెన మీద తొలి బస్సు
దడదడమని దాటిపోతుంది.
చెప్పులు గట్టున విప్పుతాను.
(గట్టు అనకూడదట ఇక్కడ, డెక్ అనాలట.)
మోచెయ్యి లోతున సీసా ముంచి తీస్తాను.
పైపై నీళ్లు అబద్ధం చెబుతాయి.

రెండు గొట్టాలు, ఐదేసి చుక్కలు.
ఒకటి పసుపు తిరగాలి,
ముహూర్తపు పసుపు కాదు, లేత నిమ్మతొక్క పసుపు.
రెండోది పల్చటి దానిమ్మ రసం.
ఏడుంబావు దాటాలి, ఏడున్నర మీద ఎంతో పోకూడదు.
పులుపెక్కితే టైల్సు సందుల్లో సిమెంటు తినేస్తాయి,
పులుపు చాలకపోతే గోడలకి సున్నం కక్కుతాయి.
మేనేజరుగారు దీన్ని సైన్సంటారు.
మా అమ్మ పులుసు కాచినప్పుడు
గరిటె అరచేతిలో వంచుకుని చూసేది, అదే ఇదీను.

నీళ్లలో యాసిడ్ పొయ్యాలి గాని
యాసిడ్‌లో నీళ్లు పొయ్యకూడదు.
ఈ పాఠం నా ఎడం మణికట్టు మీద రాసి ఉంది.

మలికిపురం అవతల పదకొండేళ్లు రొయ్యల చెరువు చూశాను.
ఇవే గొట్టాలు, ఇవే చుక్కలు.
కానీ అక్కడ నీళ్లు పచ్చబడాలి.
"రంగొచ్చిందా పెద్దిరాజూ?" అని అడిగేవాడు
పక్క చెరువు తిరుమాని వీర్రాఘవులు,
పసివాడికి పన్నొచ్చిందా అన్నట్టు.
తవుడూ బెల్లమూ పులియబెట్టి చల్లేవాళ్లం.
చెయ్యి దించితే మోచేతి దాకా మునిగేసరికి
వేళ్లు కనపడకూడదు. అదీ మంచి రంగు.
ఇక్కడ ఎనిమిదడుగుల అడుగున
తలపిన్ను పడితే కనపడాలి.
కనపడకపోతే నా ఉద్యోగం కనపడదు.

తెల్లమచ్చ తగిలిన రోజు
కాకులకి ముందే తెలిసింది.
ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి, ఎవరి ఊపిరి కోసమో.
బ్లీచింగు బస్తాలు కోసి నేనే చల్లాను
ఒక్క పురుగూ మిగలకుండా.
ఆ వాసనకే ఇప్పుడు నెలనెలా జీతం.

ఏప్రిల్లో కాలువలు కట్టేశారు.
బోరు నీళ్లు ఉప్పు.
మా వీధిలో బిందెలు ట్యాంకరు కోసం వరసలో కూర్చున్నాయి,
మనుషులు వాటి నీడన.
ఫిల్టరు ఇసుకని తిరగేసి కడిగితే
టీ రంగు నీళ్లు బుసబుస పోతాయి.
గాజుకన్ను తేటపడే దాకా వదలాలి.
లోపల ఒకటీ రెండూ లెక్కపెడతాను
ఒక బిందె, రెండు బిందెలు,
ముప్పై దాటాక లెక్క ఆపేస్తాను.

ఊరినుంచొచ్చినావిడ ముక్కు మూసుకుని
"మందు ఎక్కువేశావు" అంది.
ఎక్కువై కాదమ్మా, చాలక.
ఆ ఘాటు మందుది కాదు, మనుషులది.
చెమటా, తలనూనే, పిల్లలు ఒప్పుకోని సంగతులూ
మందుతో కలిస్తే లేచే ఘాటు.
ఇవన్నీ చెప్పలేదు. "ఆయ్" అన్నాను.
పొద్దుగూకాక మూడింతలు వేశాను.
పగలైతే ఎండ తాగేస్తుంది దాన్ని,
చీకట్లోనే పని చేస్తుంది, నాలాగే.
తెల్లారి ఘాటు లేదు.
"చూశావా, తగ్గిస్తే ఎంత బావుందో!"
ఆయ్, అన్నాను మళ్లీ.

వాళ్ల చంటిది అంచున కూర్చుని
"తాతా, ఇందులో చేపలేవీ?" అంది.
ఉంటే నా పని సరిగ్గా చెయ్యనట్టే తల్లీ.
దానికి అర్థం కాలేదు.
చెప్పాక నాకూ సరిగ్గా కాలేదు.

జూన్లో లాకులెత్తారు.
డ్యూటీ దిగి ఇంటికి పోతూ
వంతెన కింద సైకిలు ఆనించి
చొక్కా తియ్యకుండానే కాలువలోకి దిగాను.
తామరనాచు, బురద, ఎవరిదో గేదె,
పాదాల మధ్య గిలిగింతలు పెట్టే పరిగలు.
జేబులో గొట్టాలున్నాయి. తియ్యలేదు.
చెయ్యి దించాను.
మణికట్టు మచ్చ మునిగింది,
మోచెయ్యి మునిగింది.
వేళ్లు కనపడలేదు.